ఒక్కసారీ లాగిన్ కాని మా అక్క

నలుగురూ నన్ను మెచ్చుకున్న పని నా జీవితంలో ఒక్కటే ఉంది. అండమాన్ దీవుల్లో ప్రోగ్రాములు రాసే మేమంతా కలిసి నడుపుకున్న ఒక ఆన్‌లైన్ ఫోరాన్ని మొదలంటా విప్పి, శుభ్రం చేసి, కొత్తగా కట్టాను. ఆ శుభ్రం చెయ్యడంలో మా అక్క పోయింది. అప్పటికి ఆమెను సముద్రం తీసుకుపోయి ఏడేళ్లు దాటింది. అయినా నేను ఇలాగే అంటాను. మాకు మిగిలిన అక్క ఆ ఫోరంలోనే ఉండేది. చెరిపేసింది నేను.

పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో మా నాన్నకి రంగులూ, మేకులూ, తాళాలూ అమ్మే కొట్టు ఉండేది. కొట్టు మీది గదిలో నా కంప్యూటర్. పగలు ఒక సెంటర్‌లో పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పి, వచ్చాక ఆ గదిలో కూర్చునేవాణ్ణి. రాసిన ప్రోగ్రామ్ నడవకపోతే అడగడానికి మాకు మనిషి దొరికేవాడు కాదు. పుస్తకం కావాలంటే మద్రాసు నుంచో వైజాగ్ నుంచో ఓడ మీద రావాలి. అందుకని చిక్కులో పడ్డవాడు అడిగే చోటు, తెలిసినవాడు చెప్పే చోటు అని ఒక ఫోరం పెట్టాను. ఇంటర్నెట్ ఫోన్ లైన్ మీద వచ్చేది. ఒక పేజీ తెరుచుకునేలోపు కిందికి దిగి టీ తాగి రావచ్చు. కింద నాన్న ఫోన్ ఎత్తితే ఆ పేజీ కూడా పోయేది, నేను మెట్ల మీద నిలబడి అరిచేవాణ్ణి. నా కోపం మా వీధిలో అందరికీ తెలుసు.

పోర్ట్‌బ్లెయిర్‌లో మాకు అదైనా ఉంది. మిగతా దీవుల్లో అదీ లేదు. డిగ్లీపూర్‌లో ఒకాయన ఉండేవాడు. మాలాగే కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం, వరి పొలం ఉంది, అక్కడి ఒక ఆఫీసులో కంప్యూటర్ చూసేవాడు. తన ప్రశ్నలన్నీ ఒక ఫ్లాపీలో పెట్టి తెల్లారకుండా బయల్దేరే బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. సాయంత్రానికి అది మా కొట్టుకి చేరేది. కార్ నికోబార్ నుంచి మా అక్క పంపేది. అక్క అక్కడ ఒక బడిలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పేది. వారానికో పది రోజులకో వచ్చే ఓడలో వంటవాడి చేతికి ఫ్లాపీ ఇస్తే, నేను జెట్టీకి వెళ్లి తీసుకునేవాణ్ణి. ఇలాంటివాళ్లు మాకు పది పన్నెండు మంది ఉండేవాళ్లు. వాళ్లు పంపిన వాటిని మేము జహాజ్ పోస్టులు, అంటే ఓడ పోస్టులు, అనేవాళ్లం, బస్సులో వచ్చినా సరే.

ఫ్లాపీ చేతికి రాగానే నా పని మొదలయ్యేది. ఒకరి పేరు మీద ఇంకొకరు పోస్టు పెట్టేందుకు జహాజ్ పేజీ అని ఒక చిన్న పేజీ రాసుకున్నాను. అందులో అక్కగా లాగిన్ కానక్కర్లేకుండానే అక్క పేరు ఎంచుకుని, ఫ్లాపీలో ఉన్నదంతా ఒక్కొక్కటే కాపీ చేసి పెట్టేవాణ్ణి. లైను తెగేలోపు అన్నీ ఎక్కించాలి, అదే తొందర. ఫోరంలో చూసేవాళ్లకి అక్కే వచ్చి రాసినట్టు కనిపించేది. ఆ పేర్ల మీద ఖాతాలు తెరిచింది నేను, పాస్‌వర్డులు పెట్టింది నేను. వాళ్లకి ఆ పాస్‌వర్డు చెప్పనైనా చెప్పలేదు. చెప్పి ఏం లాభం, లాగిన్ కావడానికి వాళ్ల దగ్గర ఏముంది గనక?

తర్వాత జవాబులన్నీ అదే ఫ్లాపీలోకి ఎక్కించి తిరుగు ఓడకి ఇచ్చేవాణ్ణి. ఫ్లాపీలు మా దగ్గర ఎప్పుడూ తక్కువే. కొత్తవి తెప్పించుకున్నా తేమకి బూజు పట్టేవి. అందుకని పాతది చెరిపి దాని మీదే రాయడం మా అందరి అలవాటు. అక్క రాసింది ఫోరంలోకి వెళ్లాక ఫ్లాపీలో ఉండేది కాదు. అక్కడి బడి కంప్యూటర్లో ఉంచుకునేదేమో, నాకు తెలియదు.

ఫ్లాపీ ఒక్కటే ఎప్పుడూ వెళ్లలేదు. అమ్మ ఆ సంచీలోనే ఆవకాయ, వేయించిన మెత్తళ్లు, కొబ్బరి లౌజు కుక్కేది. ఒకసారి సీసా మూత వదులై అంతా నూనె అయింది. ఆ తర్వాతి పోస్టులో అక్క ఫోరం మొత్తానికి తెలిసేలా రాసింది: "మా తమ్ముడు పంపిన ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. ఆవకాయ ఉంది."

అలాగే రాసేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మధ్యలో హిందీ, ఆ మధ్యలో ప్రోగ్రామ్. మేమందరం అలాగే మాట్లాడతాం, అక్క ఒక్కతే అలా రాసే ధైర్యం చేసింది. చాలా పోస్టులు అక్కడి వానతోనో కరెంటుతోనో మొదలయ్యేవి. "ఈ రోజు కరెంటు నాలుగు గంటలే. ప్రోగ్రామ్ కాగితం మీద రాసి, ఒక్కో లైను మీద వేలు పెట్టుకుంటూ నడిపి చూశాను. కంప్యూటర్ కంటే నా వేలే ముందు తప్పు పట్టింది" అని ఒకసారి రాసింది. ఆ పద్ధతి మా ఫోరంలో చాలామంది నేర్చుకున్నారు. ఇప్పటికీ నేను నా దగ్గర చదివే పిల్లలకి వేలు పెట్టి నడపమనే చెబుతాను.

ఇంకొక పోస్టు ఉండేది, అమ్మకి అన్నిటికంటే ఇష్టమైనది. అక్కడి ఊళ్లో పండగ చేసి అందరికీ భోజనం పెట్టారట. "పంది వండారు. పిల్లలు బలవంతం చేస్తే ఒక ముక్క తిన్నాను. బాగుంది. ఇంకో రెండు తిన్నాను. అమ్మకి చెప్పకు." ఎవరో లూప్ గురించి అడిగిన ప్రశ్నకి జవాబులో ఇది ఉంది. ఎక్కడ ఆగాలో ప్రోగ్రామ్‌కి ముందే చెప్పకపోతే ఇలాగే తింటూ పోతుందని వివరించింది.

సునామీ వచ్చిన యేడు వర్షాకాలం చివర్లో అక్క ఒక పొడుగాటి పోస్టు పంపింది. ఫోరం బాగుపడాలంటే ఏం చెయ్యాలో తన సూచనలు. కొత్తవాడు తెలివితక్కువ ప్రశ్న అడిగితే నేను కసురుతున్నాననీ, వాడు మళ్లీ రావడం లేదనీ, ఆ కసురుడు మానమనీ రాసింది. జవాబు దొరికిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి ఫ్లాపీలో పంపితే ఓడ కోసం ఎదురుచూసే పని తగ్గుతుందంది. ఇంకొకటి కూడా అంది. జహాజ్ మీద వచ్చిన పోస్టులకి ఒక గుర్తు పెట్టమంది. ఫలానావాళ్లు పంపారు, నువ్వు ఎక్కించావు అని పక్కన రాసి ఉండాలట. లేకపోతే నీ తర్వాత చూసుకునేవాడికి ఎలా తెలుస్తుందిరా అని అడిగింది.

"నేనెక్కడికి పోతాను? నాకు తెలుసు చాలు" అని జవాబు రాసి ఫ్లాపీలో పెట్టాను. నిజమే, నేనెక్కడికీ పోలేదు.

సునామీ వచ్చింది క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. పొద్దున్నే నేల ఊగింది. మేం ముగ్గురం వీధిలోకి పరుగెత్తాం. తిరిగి లోపలికి వెళ్లేసరికి కొట్టులో రంగు డబ్బాలు పడి, మూతలూడి, నీలం ఆకుపచ్చ కలిసి గుమ్మం దాకా పారాయి. నాన్న పాత గోనెసంచీతో తుడుస్తూ కూర్చున్నాడు. మిడిల్ పాయింట్ ఎత్తు మీద ఉంది, నీళ్లు మా దాకా రాలేదు. సిప్పీఘాట్‌లో మా మావయ్య పొలంలోకి సముద్రం వచ్చిందని కబురొచ్చింది. వచ్చిన నీళ్లు మళ్లీ పోలేదు, ఇప్పటికీ ఆ పొలంలో ఉప్పునీళ్లే. ఆ రోజు మాత్రం మావయ్య పొలం పోయిందని మేం బాధపడలేదు. నికోబార్‌కి ఫోన్ కలవడం లేదు.

తర్వాత విమానాల్లో జనాన్ని తెచ్చారు. బళ్లన్నీ శిబిరాలయ్యాయి. నేను ఒక్కొక్క శిబిరానికీ వెళ్లి, గోడ మీది పేర్లు చదివి, గదుల్లో పడుకున్న మొహాలు చూసి వచ్చేవాణ్ణి. నాలుగో రోజో అయిదో రోజో అక్క బడిలో పనిచేసే టీచర్ ఒకావిడ కనిపించింది. కాలికి కట్టు ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. మా ఇద్దరి ముక్కూ ఒకటే అని అందరూ అంటారు.

"భూకంప్ ఆగినాక అందరం బయటే ఉన్నాం భయ్యా," అంది. "దీదీ, బడి గోడ కూలిందేమో దేఖ్‌కే ఆతీ హూఁ, సూసొస్తాను అనీసి ఎల్లింది. కంప్యూటర్ల గది సముద్రం ఏపే గదా. నీళ్లొచ్చీసరికి మేం ఇటు కొండేపు పరిగెత్తినాం. అటేపు ఎల్లినోళ్లు ఒక్కరూ రాలేదు."

ఆ టీచర్ చెయ్యి పట్టుకుని నేను ఏడ్చాను. ఆవిడ వాళ్లాయన కోసం వెతుకుతోందని తర్వాత తెలిసింది. అది అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆ రోజుల్లో మా ఫోరంలో ప్రోగ్రాముల మాట లేదు. కనిపించనివాళ్ల పేర్లు పెట్టేవాళ్లం. మెయిన్‌లాండ్‌లో చదువుకునే దీవుల పిల్లలు తమవాళ్ల గురించి అడిగేవాళ్లు, నేను శిబిరాల్లో చూసి జవాబు పెట్టేవాణ్ణి. అక్క పేరు నేనే పెట్టాను. వయసు, ఎత్తు, చీర కడుతుందా చుడీదారా, ఏ భాషలు వచ్చు. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఏం రాస్తారు?

అక్క దొరకలేదు. కాగితాల మీద కొన్నాళ్లు గల్లంతు అనీ, తర్వాత మృతి అనీ రాశారు. అమ్మ ఆ కాగితం ముట్టుకోలేదు. కర్మ చెయ్యనివ్వలేదు. ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు. ఒక ఆదివారం పొద్దున్న మెట్లెక్కి నా గదికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ పైకి రాలేదు, మోకాళ్ల నొప్పులు.

"అక్క దాంట్లో రాసీది గదా. ఒకటి సదువు," అంది.

చదివాను. ఆవకాయ పోస్టు చదివితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. నేను కుర్చీలో, అమ్మ మంచం అంచున. ఇంటి మాటలు, వాన, తిండి, పిల్లల అల్లరి ఉన్నవి చదివేవాణ్ణి. పంది మాంసం పోస్టు ఎన్నిసార్లు చదివించుకుందో. "అమ్మకి చెప్పకు" అన్న చోట ప్రతిసారీ, "దొంగముండ," అనేది, ఎంతో ప్రేమగా. ఒకటయ్యాక ఇంకొకటి అడిగేది. వరసలో తర్వాతది చూసి, "ఇందులో ఏం లేదమ్మా, అంతా ప్రోగ్రామే," అనేవాణ్ణి.

"ప్రోగ్రామైతే ఏటి, అదే రాసింది గదా," అనేది అమ్మ.

"నీకు అర్థం కాదు," అని మళ్లీ పాతవాటిలో ఒకటి చదివేవాణ్ణి.

ఏళ్లు గడిచాయి. నాన్న కొట్టు మళ్లీ నిలబెట్టాడు. ఫోరం పెరిగింది. మా దీవులవాళ్లే కాకుండా ఆంధ్రలో ఊళ్ల నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లలు చేరారు. వాళ్ల వెంట చెత్త కూడా చేరింది. మనుషులు కాని ఖాతాలు వేలకి వేలు పుట్టుకొచ్చి, లాగిన్ కూడా లేకుండా దొడ్డిదారిన మందుల ప్రకటనలూ, లాటరీ ప్రకటనలూ పెట్టి పోయేవి. వాటి బరువుకి ఫోరం కదలడం మానేసింది. ఒక ప్రశ్న తెరుచుకునేలోపు అడిగినవాడు ఆశ వదులుకుంటున్నాడు. నాకు మురికి చూస్తే ఒళ్లు మండుతుంది. కొట్టులో మేకులు కూడా సైజు తప్పి కలిస్తే నేను ఊరుకోను.

అందుకని నేనొక పొడుగాటి సూచనల పోస్టు రాశాను. ఫోరాన్ని మొత్తం తిరగరాద్దాం అన్నాను. పాత సర్వర్ వదిలేసి కొత్తదానికి మారడం, సెల్‌ఫోన్‌లో చదవడానికి వీలుగా పేజీలు తేలిక చెయ్యడం, తెలుగు అక్షరాల్లో రాసే సౌకర్యం, లాగిన్ అయినవాళ్లకే పోస్టులు కనబడే పాత తలుపు అలాగే ఉంచడం. అన్నిటికంటే ముందు చెత్త ఊడ్చడం. దానికి నేను పెట్టిన నియమం రెండే మాటలు: పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా లాగిన్ కాని ఖాతా మనిషిది కాదు. ఆ ఖాతానీ, దాని పేరున ఉన్న పోస్టులన్నిటినీ తీసేద్దాం.

జనం ఎగబడి మెచ్చుకున్నారు. ఎంత తేలికైన నియమం, ఎంత బాగా ఆలోచించారు సార్ అని రాశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పవలసినవాళ్లు డిగ్లీపూర్‌లో పొలంలో ఉన్నారు, కొందరు చచ్చిపోయారు. నేనున్నాను. జహాజ్ పేజీ రాసింది నేను, ఆ ఖాతాలు తెరిచింది నేను, ఆ ఫ్లాపీలు మోసింది నేను. నాకు తెలుసు చాలు అని అక్కకి చెప్పింది నేను. నాకు గుర్తు రాలేదు. ప్రతి ఆదివారం అక్క పోస్టు తెరిచి చదువుతున్నాను కదా, అక్క అక్కడే ఉంది కదా, రోజూ వచ్చేదానిలాగే అనిపించేది. అక్క ఎన్నడూ లాగిన్ కాలేదన్న సంగతి నా బుర్రలోకి రానే లేదు.

పని మొదలుపెట్టిన వారం అమ్మ అడిగింది. "పాతది ఇప్పీసి కొత్తది కడతన్నావంట గదా. అక్కవి జాగర్తరా."

"అన్నీ ఉంటాయమ్మా. ఇంకా బాగా కనబడతాయి," అన్నాను.

ఈ పని చేసే ఎవడికైనా చెప్పండి, ముందు మొత్తం నకలు తీసి పెట్టుకుని ఆ తర్వాతే చెరుపుతాడు. నేనూ తియ్యబోయాను. సర్వర్ మెయిన్‌లాండ్‌లో ఉంది, నేను ఇక్కడ ఉన్నాను. అప్పటి మా నెట్ మీద మొత్తం దించుకోవడానికి మూడు రోజులు పట్టేది, మధ్యలో ఒక్కసారి తెగితే మళ్లీ మొదటికి. రెండుసార్లు ప్రయత్నించాను. రెండోసారి కొసకి వచ్చి తెగింది. హైదరాబాద్ పిల్లల్లో ఎవరినైనా అడిగితే ఒక పూటలో దించి పెట్టేవాడు. నేను ఎవర్నీ అడగను, అది నా జబ్బు. ముందు చెత్త తీసేస్తే ఫైలు చిన్నదవుతుంది, అప్పుడు సులువుగా దించుకోవచ్చు అనుకున్నాను. ముందు చెరిపాను, తర్వాత నకలు తీశాను. చెరిపేముందు ప్రోగ్రామ్ అడిగింది కూడా, పోబోయే పేర్ల జాబితా చూస్తావా అని. వేల పేర్లు ఎవరు చూస్తారు? వద్దన్నాను.

కొత్త ఫోరం చక్కగా నడిచింది. పేజీ ఇట్టే తెరుచుకునేది. ఒక వారం రోజులు నా అంతటివాడు లేడు. కొత్త పని, కొత్త తప్పులు, వాటిని దిద్దుతూ అమ్మకి రెండు మూడు ఆదివారాలు చదవలేదు. అమ్మే, "పని అవనీ," అంది. ఆ లోపల నెల పూర్తయింది, పాత సర్వర్‌ని ఖాళీ చేసి వదిలేశాను.

తర్వాత డిగ్లీపూర్ ఆయన ఫోన్ చేశాడు. అప్పటికి ఆయన చేతికి సెల్‌ఫోన్ వచ్చింది, సిగ్నల్ కోసం ఏదో గట్టు ఎక్కి మాట్లాడుతున్నాడు.

"భయ్యా, కొత్తది అచ్ఛా హై. ఇయ్యాలే చేరినాను. మరి నా పాతవేటి, ఒక్కటీ కనపడతల్లేదు?"

"సరిగ్గా వెతకలేదు మీరు," అన్నాను విసుగ్గా. "పైన వెతికే డబ్బాలో మీ పాత పేరు కొట్టండి."

"కొట్టాను భయ్యా. అలాంటి మెంబర్ లేడంటాది. నేను ఎన్ని రాసీవోణ్ణి! బస్సులో పంపీవోణ్ణి గదా నీకు."

బస్సులో అన్న మాట వినగానే నాకు జహాజ్ పేజీ గుర్తొచ్చింది. ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టి, పైన డబ్బాలో అక్క పేరు కొట్టాను. పేజీ ఇట్టే తెరుచుకుంది. ఈ పేరుతో సభ్యులెవరూ లేరు.

నేను తీసిన నకలు వెతికాను, అది ఊడ్చిన తర్వాతది. సర్వర్ వాళ్లని బతిమాలాను, ఆ స్థలం అప్పుడే ఇంకెవరికో ఇచ్చేశారు. ఇంటర్నెట్‌లో పాత పేజీలు దాచిపెట్టే చోట్లు వెతికాను. మా ఫోరంలోకి బయటివాళ్లు రాకుండా నేనే తలుపు పెట్టాను గదా, పాత ఫోరానికి కూడా మొదటి నుంచీ ఆ తలుపే. ఎవరూ ఏమీ దాచలేదు. అక్క రాసింది ఎవరైనా అచ్చు తీసి పెట్టుకున్నారేమోనని తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఎవరూ తియ్యలేదు. గదిలో తలుపేసుకుని నా మొహం నేనే కొట్టుకున్నాను. సముద్రం, పాపం, తనేం చేస్తోందో తెలియకుండా వచ్చింది. నేను అన్నీ తెలిసినవాణ్ణి.

కొన్నేళ్లకి మా దీవులకి సముద్రం కిందనుంచి ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. ఇప్పుడు అంత డేటాబేస్ పది నిమిషాల్లో దిగుతుంది. ఆ వేగం చూసి ఊరంతా సంబరపడుతుంటే నేను ఇంట్లో కూర్చున్నాను.

కానీ అది తర్వాతి మాట. డిగ్లీపూర్ ఫోన్ వచ్చిన వారమే ఆదివారం అమ్మ మెట్లెక్కి వచ్చింది. "అయిందేటి నీ పని?" అని మంచం అంచున కూర్చుంది. ఏదో పేజీ తెరిచి, దాన్నే చూస్తూ, ఆవకాయ పోస్టు జ్ఞాపకం మీద చెప్పేశాను. అమ్మ నవ్వింది. తర్వాతి ఆదివారం కరెంటు పోస్టు చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం కూడా ఏదో ఒకటి చెప్పాను. దొంగతనం కంటే కష్టమైన పని అది. వారమంతా అక్క మాటలు తలుచుకుని కూర్చుకునేవాణ్ణి, కూర్చేకొద్దీ అవి నా మాటలయ్యేవి.

నాలుగో ఆదివారం పంది మాంసం పోస్టు అడిగింది. చెప్పాను. చెప్పి, అక్కడి నుంచి లూప్ మాటలోకి వెళ్లిపోయాను.

అమ్మ నవ్వలేదు. "అమ్మకి చెప్పకు అని ఉంటాది గదా అక్కడ," అంది. "ఏల వొదిలీసినావు?"

అమ్మ లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి తెర మీదకి వంగింది. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ అక్క పేరు ఎలా ఉంటుందో గుర్తు పట్టుకుంది ఇన్నేళ్లలో. పోస్టు మీద ఎడమవైపు ఉండేది. వేలు పెట్టి ఆ చోటు వెతికింది.

"దాని పేరేదిరా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. లాగిన్ అంటే ఏమిటో, నియమం ఏమిటో, నకలు ఎందుకు తియ్యలేదో. అక్క గుర్తు పెట్టమందనీ, నేను పెట్టలేదనీ చెప్పాను. అమ్మకి అందులో ఎంత అర్థమైందో తెలియదు.

"నువ్వే చెరిపినావా?" అని ఒక్కటే అడిగింది.

"నేనే."

అమ్మ కిటికీ దగ్గరకి వెళ్లి నిలబడింది. కింద కొట్టులో నాన్న ఎవరికో తాళం చూపిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను కాళ్ల మీద పడ్డాను, లేవదీసింది.

"కుర్చీలో కూకో," అంది. "నాకు ఒచ్చినవి నేను చెప్తా. నువ్వు రాసీ. నీ సొంతం ఏటీ కలపకు."

అక్క పేరు మీద మళ్లీ ఖాతా తెరిచాను. అమ్మ మంచం మీద కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. అక్క మాటల్ని అక్క వరసలోనే చెప్పింది, మధ్యలో వచ్చే హిందీతో సహా. "ఉల్టీసీదీ లూప్" అని తనకేమీ అర్థం కాని మాట కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను ఎక్కడైనా ఆగితే, "రాసినావా?" అని ఆగేది. పంది మాంసం దగ్గర, "అమ్మకి చెప్పకు," అని గట్టిగా చెప్పి, రాశానో లేదో రెండుసార్లు అడిగింది. ఈసారి దొంగముండ అనలేదు.

పొయ్యి మీద అన్నం పెట్టే వేళకి అయిపోయాయి. మొత్తం పదిహేడు. అక్క పంపినవి వందల్లో ఉండేవి.

"నాకు సదివినవి అయ్యే," అంది అమ్మ కళ్లు తెరిచి. గొంతు రాసుకుపోయింది. "ప్రోగ్రామని నాకు సదవనివి ఉన్నాయి గదా. అయి నువ్వు చెప్పి రాసీ. నేను వింటా."

నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఓడ వచ్చిన సాయంత్రాలు గుర్తొచ్చాయి, లైను తెగిపోతుందన్న తొందర గుర్తొచ్చింది. అక్క మాట ఒక్కటి కూడా రాలేదు.

"చెప్పు నాన్నా," అంది అమ్మ.

"అవి నేనూ చదవలేదమ్మా," అన్నాను. "ఎక్కించాను, అంతే."